సారాభాయ్ చూడని టీవీ

విక్రమ్ సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో, బట్టల మిల్లుల కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు. బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర విశ్వకిరణాలపై పరిశోధన చేశారు. తుంబాలో చర్చినే ఆఫీసు చేసుకుని 1963 నవంబర్ 21న తొలి రాకెట్ ఎగరేయించారు. ఇదంతా మనం బడిలో చదువుకున్నదే.

ఇంజనీరుగా నన్ను పట్టేసింది 1969. అమెరికా వారి ప్రయోగాత్మక ఉపగ్రహం ఏటీఎస్-6ను ఏడాదిపాటు అరువు తెచ్చుకుని పల్లెలకు టీవీ పాఠాలు పంపేందుకు ఆ ఏడాది నాసాతో ఒప్పందం కుదిర్చారు. 1975 ఆగస్టు నుంచి సుమారు 2,400 గ్రామాలు ఆ పాఠాలు చూశాయి, తెలుగులో కూడా. ఆయన మాత్రం చూడలేదు. 1971 డిసెంబర్ 30న, 52 ఏళ్ళకే పోయారు. టీవీ, టెలిఫోను, మబ్బుల ఫొటోలు అన్నీ ఒకే ఉపగ్రహంతో సాధించాలన్న ఆయన ఆలోచన 1983లో ఇన్సాట్-1బితో నెరవేరింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వరుసలోని ఉపగ్రహాలు దాన్ని సముద్రం మీదే చూపించాయి. ముందురోజే ఫోన్ చేసి అమ్మను గట్టి మేడలోకి పంపించగలిగాను. మా కొబ్బరి, జీడి తోటలు మాత్రం తెల్లారేసరికి లేవు.