పల్లె లెక్కల్లో మనిషిని వెదికిన శ్యామాచరణ్ దూబే

భారతీయ గ్రామ జీవనంపై వెలువడిన తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి తెలంగాణ పల్లెను ఆధారం చేసుకున్నది. దాని రచయిత శ్యామాచరణ్ దూబే అంతకుముందు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పరిశోధన సాగించినవారు. ఇటు ఛత్తీస్‌గఢ్‌తోనూ, అటు తెలుగునేలతోనూ అనుబంధమున్న బిలాస్‌పూర్ తెలుగువారికి ఆయన కృషి ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

1922లో జన్మించిన దూబే నాగ్‌పూర్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివారు. ఛత్తీస్‌గఢ్ జానపద గేయాలను సేకరించి 1947లో ప్రచురించారు. నాటి రాయ్‌పూర్ జిల్లా అడవుల్లో నివసించే కమార్ గిరిజనులపై ఆయన గ్రంథం 1951లో వెలువడింది. పోడు వ్యవసాయం, వేట, వెదురు బుట్టల అల్లికతో జీవించే ఆ ప్రజలను అటవీ చట్టాలు పోడుకు దూరం చేశాయి. వారి జీవనాధారాన్ని కుటుంబం, కులాచారం, విశ్వాసాల నుంచి విడదీయకుండా దూబే పరిశీలించారు.

నాటి విద్యాలోకం మరో దిశలో నడుస్తున్నది. పరిమిత వనరులను మనిషి ఏ అవసరానికి ఎంచుకుంటాడో పరిశీలించడమే అర్థశాస్త్రమని 1932లో లండన్ ఆచార్యుడు లయొనెల్ రాబిన్స్ నిర్వచించారు. ఆచారం, బంధుత్వం, హోదా వంటివి సమాజశాస్త్రం వాటాకు మిగిలాయి. లక్నో విశ్వవిద్యాలయంలో మాత్రం రాధాకమల్ ముఖర్జీ 1921లోనే రెండు శాస్త్రాలకూ కలిపి ఒకే శాఖను నెలకొల్పారు. దూబే కూడా కొంతకాలం ఆ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించారు.

అనంతరం ఆయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1951-52లో వ్యవసాయం, వైద్యం, పశువైద్యం తదితర విభాగాల బృందంతో శామీర్‌పేటను అధ్యయనం చేశారు. 1955లో వెలువడిన ఆయన గ్రంథంలో ఆర్థిక నిర్మాణానికి ఒక అధ్యాయం, సామాజిక నిర్మాణానికి మరొకటి ఉన్నాయి. అయితే ఒకటి చదవనిదే మరొకటి బోధపడదు. వడ్రంగికీ కమ్మరికీ రైతు కళ్ళంలో కొలిచి ఇచ్చే ధాన్యం కూలి మాత్రమే కాదు. కులవృత్తినీ, ఏళ్ళ తరబడి సాగే బాధ్యతనూ కలిపి కట్టిన బంధం. సంతలో ధర కట్టినట్టు దానికి ధర కట్టడం సాధ్యం కాదు.

ఈ చూపు ఎంత అవసరమో 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకం నిరూపించింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆ పథకం అమలును పరిశీలించి దూబే 1958లో మరో గ్రంథం వెలువరించారు. మేలురకం విత్తనం అధిక దిగుబడి ఇచ్చినంత మాత్రాన రైతు స్వీకరించడు. రొట్టె రుచి, పశువుల మేత, ఊరివారి మాట కూడా అతని నిర్ణయంలో భాగమే. పథకం ఫలాల్లో ఎక్కువ భాగం అప్పటికే స్తోమత గల రైతులకే దక్కాయని కూడా ఆయన గుర్తించారు. ఖర్చు లెక్క సరిపోయినా, పేదవాని ఇంటికి ప్రయోజనం చేరలేదు.

తర్వాత సాగర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, సిమ్లాలోని భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ సంచాలకులుగా సేవలందించిన దూబే 1996లో కన్నుమూశారు.

రైల్వే ఉద్యోగాల కోసం తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడిన బిలాస్‌పూర్‌కు ఆయన దృష్టి నేటికీ వర్తిస్తుంది. ఇంతదూరం ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు జీతం ఒక సమాధానం. ఎవరి వెంట వచ్చారు, ఎవరి అండతో నిలదొక్కుకున్నారు అన్న ప్రశ్నలకు జీతాల పట్టీలో జవాబు దొరకదు.