బడి మానేసి, బడి పెట్టిన జి.డి. నాయుడు గారు



ఈసారి గోడపత్రికలో నేను ఒక గొప్ప వ్యక్తి జీవిత చరిత్ర రాస్తున్నాను. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. ఎడిసన్ పేరు మనందరికీ తెలుసు కదా. ఈయన్ని ఇండియా ఎడిసన్ అని పిలిచారు. ఆయన ఉన్నది తమిళనాడులోని కోయంబత్తూరులో, కానీ ఇంట్లో మాట్లాడింది మన తెలుగే. మన హాస్టల్లో కొంతమంది, గొప్పోళ్ళు చాలామంది చదువుకోలేదంట, మనకి మాత్రం ఎందుకు అంటుంటారు. వాళ్ళు ఇది చివరిదాకా చదవాలని కోరుతున్నాను.

బాల్యము

నాయుడు గారు 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. ఆయనకి బడి అంటే అస్సలు ఇష్టం లేదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లేవాడని చెప్తారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత పొలం పనులు చేసుకుంటూ ఉన్నాడు.

మోటారు సైకిలు

ఒకరోజు ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద ఆ పక్కకి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తానే పోతోంది. ఆ రోజుల్లో పల్లెల్లో అటువంటిది ఎవరూ చూడలేదు. నాయుడు గారికి దాని మీద మనసు పడింది. ఎట్లాగైనా అది కొనాలని పట్టుబట్టాడు. చేతిలో డబ్బుల్లేవు. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరు పనిలో చేరాడు. కొన్నేళ్ళు కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. అది రడ్జ్ అనే ఇంగ్లండు కంపెనీ బండి.

కొన్నాక ఊరంతా తిరిగి గొప్పలు పోలేదు. బండి మొత్తం విప్పేశాడు. ఒక్కో ముక్క ఏం పని చేస్తుందో చూసి మళ్ళీ బిగించాడు. అట్లా విప్పుతూ బిగిస్తూ మెకానిక్ పని నేర్చుకున్నాడు. విప్పటం ఎవరైనా చేస్తారు. మళ్ళీ బిగించి నడిపించాడు చూడండి, అదే గొప్ప.

నష్టము, మళ్ళీ లేవటము

తర్వాత ఆయన పత్తి వ్యాపారంలో దిగారు. తిరుప్పూరులో పత్తి జిన్నింగు మిల్లు పెట్టి బాగా సంపాదించారు. ఇంకా పెద్ద వ్యాపారం చేద్దామని బొంబాయి వెళ్ళారు. అక్కడ మొత్తం పోగొట్టుకున్నారు. పత్తి ధర ఎట్లా లేపుతుందో, ఎట్లా పడేస్తుందో మన గుంటూరు జిల్లా వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన ఆయనకి కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే దొర సాయం చేశాడు. 1920లో ఆయన అప్పుగా డబ్బు ఇస్తే, దానికి తన డబ్బు కలిపి నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళని దాకా ఆ బస్సు నడిపారు. డ్రైవరు కూడా ఆయనే. ఒక్క బస్సుతో మొదలైన ఆ కంపెనీయే యు.ఎం.ఎస్. పదమూడు పద్నాలుగేళ్ళలో రెండు వందలకి పైగా బస్సులు అయ్యాయి.

బండి కరెంటు కథ

ఇక్కడ కొంచెం ఆగి సైన్సు చెప్తాను. రెండు వందల బస్సులు రోజూ నడవాలంటే వాటిని బాగు చేసుకోవటం రావాలి. బండికి ప్రాణం పెట్రోలు అనుకుంటాం. కానీ పెట్రోలు అంటుకోవాలంటే నిప్పురవ్వ కావాలి, ఆ రవ్వ కరెంటు నుంచి వస్తుంది. ఆ కాలం బండ్లలో చాలావాటికి మ్యాగ్నెటో అని ఉండేది. అయస్కాంతం, తీగచుట్టలో ఒకటి రెండోదాని దగ్గర తిరిగితే కరెంటు పుడుతుంది. మనం ఫారడే పాఠంలో చదివేది ఇదే. బండి స్టార్టు చేయటానికి ముందు వైపు ఇనప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పేవాళ్ళు. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది.

ఆ బాధ పోగొట్టింది అమెరికాలో చార్లెస్ కెటరింగ్. 1912లో క్యాడిలాక్ కారుకి ఆయన చేసిన కరెంటు స్టార్టరు పెట్టారు. అంతకుముందు ఆయన కొట్లలో డబ్బు లెక్కపెట్టే మిషనుకి చిన్న మోటారు చేశాడు. కాసేపు గట్టిగా తిరిగితే చాలు కదా, అంత పెద్ద మోటారు ఎందుకని ఆలోచించి, అదే ఉపాయం కారుకి వాడాడు. మన నాయుడు గారు కూడా బస్సుల కోసం టికెట్లు కొట్టే మిషను చేశారు. దేశాలు వేరు, బుర్ర పని చేసే తీరు ఒకటే.

ఇప్పటి బండ్లలో మ్యాగ్నెటో బదులు 12 వోల్టుల బ్యాటరీ, ఆల్టర్నేటరు, డ్యాష్‌బోర్డు మీద మీటర్లు, లోపల సెన్సార్లు ఉంటాయి. మా మామ గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు తోలే బండి నడుపుతాడు. రిపేరు వస్తే ఏ వరసలో చూడాలో ఆయన దగ్గర అడిగి తెలుసుకున్నాను. అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

1. మొదట బ్యాటరీ చూడాలి. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగ్గా పారదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను నడిచేటప్పుడు సుమారు 14 చూపించాలి. 14 రాకపోతే ఛార్జింగు అవ్వట్లేదని అర్థం.

2. తర్వాత ఫ్యూజు. ఫ్యూజు పోతే అదే సైజుది వెయ్యాలి. తీగ చుట్టి నెట్టుకొస్తే ఈసారి ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది.

3. తర్వాత ఎర్త్. బ్యాటరీ మైనస్ తీగ బండి బాడీకి బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే లైట్లు మసకగా వెలుగుతాయి. ఇండికేటరు వేస్తే వేరే లైటు కొట్టుకుంటుంది. చాలామంది బల్బు మారుస్తారు, రోగం బల్బులో ఉండదు.

4. ఆఖరికి మీటరు, సెన్సారు. ఆయిలు ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. ఆయిలు తగ్గితే బెండు కిందికి దిగుతుంది, దాంతో తీగలో రెసిస్టెన్సు మారుతుంది, డ్యాష్‌బోర్డు మీద ముల్లు కదులుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా ముల్లు కదలకపోతే బెండు ఇరుక్కుందా, తీగ తెగిందా, మీటరే పోయిందా అని ఒక్కోటి చూడాలి. ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుడితే ప్రమాదం, కాబట్టి అది మెకానిక్కు మాత్రమే చెయ్యాలి.

5. వేడి చూపించే సెన్సారులో, వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్సు తగ్గుతుంది. ఆ ముల్లు ఎర్ర గీత దాటితే, సెన్సారు పోయిందిలే అని తోలకూడదు. బండి పక్కన ఆపాలి. చల్లారాకే నీళ్ళు చూడాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే మొహం కాలుతుంది.

కొత్త కార్లలో చిన్న కంప్యూటరు కూడా ఉంటుంది. స్కానరు పెడితే తప్పు ఎక్కడుందో నంబరు చూపిస్తుంది. కానీ ఆ నంబరు రోగం ఏ వీధిలో ఉందో చెప్తుంది గానీ ఏ ఇంట్లో ఉందో చెప్పదు. ఫలానా సెన్సారు అని చూపించినంత మాత్రాన సెన్సారే పోయిందని కాదు. దాని తీగని ఎలుక కొరికి ఉండొచ్చు. అందుకని ఊహించి సామాను మార్చకుండా ఒక్కోటి పరీక్ష చేసుకుంటూ పోవాలి. నాయుడు గారు మోటారు సైకిలు విప్పి నేర్చుకున్నది ఇదే పద్ధతి.

ఆయన చేసిన వస్తువులు

నాయుడు గారు బస్సులతో ఆగలేదు. 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి కోయంబత్తూరు దగ్గర పీలమేడులో కరెంటు మోటారు తయారు చేయించారు. అది ఇండియాలో తయారైన మొదటి మోటారు అని చెప్తారు. ఈ రోజు కోయంబత్తూరు మోటార్లకీ పంపులకీ పేరుమోసిన ఊరు. మన పక్క పొలాల్లో బోరు మోటార్ల మీద కూడా ఆ ఊరి పేరు కనపడుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

జర్మనీ వెళ్ళి వచ్చి, టార్చిలైటు బ్యాటరీలాంటి దానితో నడిచే గడ్డం గీసుకునే రేజరు చేశారు. దాని పేరు రసాంత్. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే మిషను, మోసం చేయటానికి వీల్లేని ఓట్ల మిషను కూడా చేశారు. 1941లో ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇస్తానన్నారు. పొలంలో పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేసి మనిషి కంటే ఎత్తు పత్తి చెట్లు పెంచారు. సర్ సి.వి. రామన్ గారు కూడా ఆయన తోట చూడటానికి వచ్చారు.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశారు. ధర 2,000 రూపాయలే అన్నారు. కానీ ఆ రోజుల్లో కార్లు తయారు చెయ్యాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. ఆయనకి ఇవ్వలేదు. దాంతో ఆ కారు రోడ్డెక్కలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది. చెయ్యటం చేతకాక ఆగిపోతే సరే అనుకోవచ్చు. చేసి చూపించాక కూడా కాగితం లేక ఆగిపోయింది.

బడి పెట్టటము

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. బడి మానేసిన నాయుడు గారు తర్వాత పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే చదువుకున్నారు. అంతేకాదు, 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కాలేజీ రావటానికి ఆయనే కారకుడు. ప్రిన్సిపాలుగా కూడా పనిచేశారు. మూడో తరగతి చదివిన మనిషి ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాలు! నాలుగేళ్ళ చదువు అక్కర్లేదు, చేత్తో పని నేర్పిస్తే రెండేళ్ళు చాలని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వచ్చేశారు. ఆ ఇంజనీరింగు కాలేజీయే ఇప్పుడు కోయంబత్తూరులో ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తోంది.

1974 జనవరి 4వ తేదీన నాయుడు గారు కన్నుమూశారు. ఆయన పేరుతో కోయంబత్తూరులో మ్యూజియం ఉంది. 2015లో పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు.

మనం నేర్చుకోవలసినది

చదువు అక్కర్లేదని ఆయన అనుకుని ఉంటే కాలేజీ ఎందుకు పెడతాడు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పమని మనవాళ్ళని అడుగుతున్నాను. బడి లేకుండా తాను పడ్డ కష్టం ఆయనకి తెలుసు కాబట్టే మిగతావాళ్ళు పడకూడదని పెట్టాడు. ఇంకొక మాట. ఆయన బొంబాయిలో పడిపోయినప్పుడు ఆయనకి పొలం ఉన్న కుటుంబం ఉంది, అప్పిచ్చే దొర ఉన్నాడు. మన తండాలో పడిపోతే ఎవరిస్తారు? మనకి స్టేన్స్ దొర లాంటిది ఈ హాస్టలు ఒక్కటే.

సంక్రాంతి పోయాక మిరపకాయ కోతలు మొదలవుతాయి. ఏటా అప్పుడు మన రూముల్లో కొన్ని పెట్టెలు తిరిగి రావు. కూలి డబ్బులు ఇంటికి అవసరమే, నేను కాదనను. మా అమ్మ కూడా కోతలకి పోతుంది. కానీ కోతలు నాలుగు నెలలు, ఆగిపోయిన చదువు జీవితమంతా. ఎవరైనా వెళ్ళి రాకపోతే పక్క మంచం అమ్మాయి వార్డెన్ మేడం గారికి వెంటనే చెప్పాలి. మేడం గారు వాళ్ళ ఇంటికి కబురు చేస్తే కొందరైనా తిరిగొస్తారు.

మేడం గార్లకి ఇంకొక విన్నపం. మోటారు పని మగపిల్లలది అంటారు. ఫ్యూజుకి, బ్యాటరీకి ఆడా మగా తెలియదు. ఐ.టి.ఐ.లో ఆడపిల్లలు కూడా చేరొచ్చు. మన సైన్సు గదికి ఒక మల్టీమీటరు, ఒక టెస్టు బల్బు, ఒక పాత బ్యాటరీ ఇప్పించమని కోరుతున్నాను. ఆదివారం ఒక గంట మన సైన్సు టీచరు గారి ముందే నేర్చుకుంటాం. తుళ్లూరు చుట్టూ రాజధాని పనులకి టిప్పర్లు, జేసీబీలు తిరుగుతూనే ఉన్నాయి. బండి ఉన్నచోట రిపేరు ఉంటుంది, రిపేరు ఉన్నచోట పని ఉంటుంది. ఆ పని మనకెందుకు రాకూడదు?

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని,
గిరిజన బాలికల హాస్టలు, తుళ్లూరు.