రంగుల డాక్టరుగారు

వంకాయ పడదని ఒకరు, రొయ్యలు పడవని ఒకరు, దుమ్ము దులిపితే చాలు తుమ్ములేనని ఇంకొకరు... మన ఇళ్ళలో రోజూ వినే మాటలే. ఈ పడకపోవడంలో చాలావరకు మాస్ట్ కణం అనే ఓ చిన్న కణానిదే పెత్తనమని చదివాక, దీన్ని ముందుగా గుర్తుపట్టిందెవరా అని నాకు కుతూహలం కలిగింది. తీరా చూస్తే ఆయన పాల్ ఎర్లిక్! తర్వాత నోబెల్ అందుకున్న మహానుభావుడే గానీ, అప్పటికింకా వైద్య విద్యార్థి.

ఎర్లిక్ 1854 మార్చి 14న స్ట్రెలెన్ అనే చిన్న ఊళ్ళో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. మైక్రోస్కోపు కింద కణాలకు రంగులద్దే విద్యను తల్లి తరపు బంధువు కార్ల్ వైగెర్ట్ దగ్గర చూసి, దాని మోజులో పడ్డాడు. తారు నుంచి తీసే అనిలిన్ రంగులు అప్పుడే కొత్తగా వచ్చి బట్టల మిల్లుల్లో సందడి చేస్తున్నాయి. పట్టుకి పట్టే రంగు ఒక్కోసారి నూలుకి పట్టదని మనకి తెలుసు కదా! మరి ఒక కణానికి పట్టిన రంగు పక్క కణానికి ఎందుకు పట్టదు? ఈ ఒక్క ప్రశ్నే ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఆయన కొన్ని వింత కణాల గురించి రాశాడు. దానిమ్మకాయలో గింజల్లా వాటి నిండా రేణువులే. అద్దిన రంగు ఒకటైతే ఆ రేణువుల్లో తేలేది మరో ఛాయ. ఇంత నిండుగా ఉన్నాయంటే బాగా తిని ఒళ్ళు చేసినవే అయ్యుంటాయనుకున్నాడు. జర్మన్ భాషలో మాస్ట్ అంటే పశువుల్ని మేపి బలిపించడం. ఆ పేరే పెట్టేశాడు. ఊహ తప్పింది, పేరు మాత్రం ఉండిపోయింది.

1883లో బట్టల మిల్లు యజమాని కూతురు హెడ్విగ్ పింకుస్‌ని పెళ్ళాడాడు. ఇద్దరు ఆడపిల్లలు. కొన్నేళ్ళకే క్షయ సోకింది. పొడిగాలి కోసం భార్యతో ఈజిప్టు వెళ్ళి, 1889లో కోలుకుని తిరిగొచ్చాడు. ఆపైన కంఠసర్పికి వాడే సీరం మోతాదును కచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఎందరో పసిబిడ్డలకు అది ప్రాణదానమే. రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో మెచ్నికోవ్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

ఈ కథలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని మర్చిపోకూడదు. బ్యాంకరు భర్త జ్ఞాపకార్థం ఫ్రాన్సిస్కా స్పేయర్ ఇచ్చిన విరాళంతో 1906లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరిశోధనాలయం తెరిచారు. సిఫిలిస్‌కి తొలి సరైన మందు, ఆరువందల ఆరో నంబరు రసాయనం, ఆ ఇంట్లోనే 1909లో తేలింది. రోగాన్ని మాత్రమే వెతికి పట్టుకునే మందు కావాలన్నది ఆయన పట్టుదల. పాత రంగుల ప్రశ్నే, చూశారా! ఇక ఆయన సెక్రటరీ మార్తా మార్క్వార్ట్ 1902 నుంచి చివరిదాకా ఆయన రాతపనులు చూసి, తర్వాత జీవితచరిత్ర రాసింది.

1915 ఆగస్టు 20న ఎర్లిక్ పోయాడు. నాజీలు వచ్చాక, యూదుడని ఆయన పేరున్న వీధికి 1938లో పేరు మార్చేశారు. ముసలితనంలో హెడ్విగ్ దేశం వదిలి అమెరికా చేరుకోవలసి వచ్చింది. యుద్ధం తర్వాత ఆయన పేరు మళ్ళీ వీధికెక్కింది, 200 మార్కుల నోటు మీద బొమ్మా పడింది.

మరి ఆ కణం సంగతి? అందులో ఉన్నది తిండి కాదు, మందుగుండు! హిస్టమిన్ అక్కడే దాగుందని 1953లో రైలీ, వెస్ట్ చూపారు. 1966లో జపాన్ దంపతులు కిమిషిగె, తెరుకో ఇషిజాకా, ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని పట్టుకున్నారు. మొదటిసారి రొయ్య తిన్నప్పుడు పైకేమీ కనిపించకపోవచ్చు. కానీ ఒళ్ళు దాన్ని శత్రువనుకుంటే ఐజీఈ తయారై మాస్ట్ కణాల మీద కాపు కూర్చుంటుంది. మళ్ళీ తిన్నప్పుడు నిమిషాల్లో రేణువులు పేలతాయి. చర్మంలో అయితే దద్దుర్లు, ముక్కులో తుమ్ములు, ఊపిరి గొట్టాల్లో పిల్లికూతలు. ఒళ్ళంతా ఒకేసారి జరిగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షను. దురద మాత్ర వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకూడదు. పెదాలు వాచి ఊపిరాడకపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

అలాగని ఈ కణం పగవాడు కాదండీ. నులిపురుగుల మీద, సూక్ష్మజీవుల మీద ముందుగా లేచే కాపలాదారు. పాము విషాన్ని సైతం విరిచేస్తుందని 2006లో ఎలుకల్లో తేలింది. కాపలాదారే ఒక్కోసారి ఇంటివాళ్ళని దొంగలనుకుంటాడు, అంతే.

ఆ కుర్రాడి ఊహ తప్పినా, చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. అందుకే డెబ్భై అయిదేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఎక్కడ వెతకాలో తెలుసుకున్నారు. నాకు ఆయన నోబెల్ కన్నా అదే గొప్పగా తోస్తుంది.