థామస్ రో

సర్ థామస్ రో (సుమారు 1581 - నవంబరు 6, 1644) ఇంగ్లాండు దేశపు దౌత్యవేత్త. మొదటి జేమ్స్ రాజు తరఫున మొఘల్ చక్రవర్తి జహంగీరు ఆస్థానానికి రాయబారిగా వచ్చాడు. రాజప్రతినిధియే అయినా ఇతని జీతభత్యాలను భరించినది ఈస్టిండియా కంపెనీ.

తొలి జీవితం

రో ఎసెక్స్ ప్రాంతంలోని లో లేటన్‌లో జన్మించాడు. తాత లండను నగరానికి మేయరుగా పనిచేశాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1610-11లో దక్షిణ అమెరికాలోని గయానా తీరంలో అన్వేషణ యాత్ర చేశాడు.

మొఘల్ ఆస్థానంలో

అప్పటికే ఆంగ్లేయులు 1611లో గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పుకున్నారు. మొఘలుల రేవైన సూరతులో మాత్రం పోర్చుగీసువారి పోటీని, స్థానికాధికారుల సుంకాలను ఎదుర్కొనవలసి వచ్చింది. అంతకుముందు జహంగీరును ఆశ్రయించిన విలియం హాకిన్స్ శాశ్వత ఫలితమేదీ సాధించలేకపోయాడు.

రో 1615 సెప్టెంబరులో సూరతు చేరి, 1616 జనవరిలో అజ్మీరులో చక్రవర్తిని దర్శించాడు. సాష్టాంగపడుటకు అంగీకరించక, తన దేశాచారం ప్రకారమే నమస్కరించాడు. ఇతనికి పారసీక భాష రాదు. ప్రతి మాటకూ దుబాసీల మీద ఆధారపడవలసి వచ్చేది. అన్నిటికంటె పెద్ద చిక్కు బేరమాడుటకు తగిన బలం లేకపోవడం. ఇంగ్లాండు ఉన్నిబట్టలకు ఇక్కడ గిరాకీ అంతంతమాత్రం. కానుకలు కూడా దర్బారుకు అంతగా ఆనలేదు. సూరతు రాకుమారుడు ఖుర్రం (తరువాతి షాజహాన్) అధీనంలో ఉండటంతో, అతనిని, అతని మామ ఆసఫ్ ఖానును ప్రసన్నం చేసుకొననిదే ఏ పనీ సాగేది కాదు. చిత్రకళాభిమాని అయిన జహంగీరు ఇతనితో స్నేహంగానే మెలగినా, తన స్వీయచరిత్రలో ఇతని పేరైనా పేర్కొనలేదు.

రో దర్బారు వెంట మాండూకు, అహమ్మదాబాదుకు తిరిగాడు. కోరుకున్న శాశ్వత సంధి లభించలేదు. 1618లో సూరతు వర్తకానికి సంబంధించిన ఫర్మానాతో తృప్తిపడి 1619 ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణమయ్యాడు. యుద్ధమూ వర్తకమూ పొసగవనీ, కోటలు, సైన్యాల ఖర్చు పోర్చుగీసువారిని గుల్ల చేసిందనీ కంపెనీకి హితవు చెప్పాడు. ఆ హితవు ఎంతోకాలం నిలువలేదు: ఇతడు జీవించి ఉండగానే, దామెర్ల నాయకుల నుండి 1639లో పొందిన స్థలంలో కంపెనీవారు మద్రాసు కోట కట్టనారంభించారు.

తరువాతి జీవితం

1621 నుండి 1628 వరకు ఇస్తాంబులులో ఉస్మానియా సుల్తానుల వద్ద రాయబారిగా ఉన్నాడు. ప్రాచీన గ్రీకు బైబిలు ప్రతి అయిన కోడెక్స్ అలెగ్జాండ్రినస్ ఇతని ద్వారానే ఇంగ్లాండు రాజుకు చేరింది. 1629లో స్వీడన్, పోలెండుల మధ్య ఆల్ట్‌మార్క్ సంధికి మధ్యవర్తిత్వం వహించాడు. 1640లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1644లో బాత్ పట్టణంలో మరణించాడు. మొఘల్ దర్బారు వివరాలకు ముఖ్య ఆధారమైన ఇతని దినచర్యను విలియం ఫాస్టర్ పరిష్కరించగా 1899లో హక్లూయిట్ సొసైటీ ప్రచురించింది.