దైవమహిమార్థము జీవించిన క్లౌ దొరగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఎవరైన ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలెల్ల ఊరి లెక్కలు వ్రాసి, రాత్రులయందు దీపము ముందు పెట్టుకొని, భారత భాగవతములను నా అంతట నేను కూడబలుకుకొని చదివినవాడను. అట్టివాని కలమునుండి ఒక క్రైస్తవ బోధకుని చరిత్ర వెలువడుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని నన్నీ పనికి పురికొల్పినది భాగవతమే. పోతనామాత్యుడు తన కావ్యమును ఏ రాజునకును అంకితము చేయక శ్రీరామచంద్రునకు సమర్పించెను. చేసిన పనిని ఎవరి పేర జమకట్టవలెనో ఆ మహాకవి యెరుగును. ఆ యెరుక గలవారు ఏ మతమునందున్నను మనకు వంద్యులే. 150 సంవత్సరములకు పూర్వము ఒంగోలు సీమలో పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అట్టివారిలో నొకరు.

ఆయన 1836 జూలై 16వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దాపున జన్మించెను. చిన్ననాడే ఆయన కుటుంబము పడమటి సీమలకు తరలిపోయెను. పడుచుతనమున ఆయన మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వే జట్టులో చేరి, గొలుసు లాగుట మొదలుకొని ఆ విద్యను బాగుగ నేర్చుకొనెను. గొలుసు, కొలత, హద్దు అనునవి మనకు క్రొత్తవి కావు. ఆ విద్యయే ముందు ముందు తెలుగుదేశమున వేలమంది ప్రాణములు నిలుపునని మాత్రము ఆనాడాయన యెరుగడు. న్యాయవాది కావలెననియు, రాజకీయములలో పేరు గడింపవలెననియు ఆయన కోరిక. అయోవా రాష్ట్రమున బర్లింగ్టన్ కళాశాలలో చదువుకొను కాలమున ఆయన మనస్సు దైవమువైపు మరలెను. తన పేరు నిలుపుకొనవలెనన్న తలపు క్రమముగా సడలి, దేవుని పేరు నిలుపవలెనన్న తలపు దాని చోటు నాక్రమించెను.

తెలుగువారి నడుమ అమెరికా బాప్తిస్టులు పని ప్రారంభించినదియు ఆ 1836వ సంవత్సరమందే. శామ్యూల్ డే అను నాతడు దానికి మొదటివాడు. 1840లో నెల్లూరు ఆ పనికి కేంద్రమయ్యెను. కాని యేండ్లు గడచినను చేరినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఇంత ధనము వ్యయపరచి ఇంత స్వల్ప ఫలము పొందుటకంటె ఆ పని మూసివేయుట మేలని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించిరి. అట్టి దినములలో, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జూయెట్ అను బోధకుడును, ఆయన భార్యయు, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి, ఈ సీమకొక సేవకుని పంపుమని దేవుని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థనకొండ యని పిలుతురు. తరువాత జూయెట్ స్వదేశమునకేగినపుడు, మరియెవ్వరు రాకున్నను తానొక్కడైన తెలుగుదేశమునకు మరలి పోవుదునని పట్టుపట్టెను. ఆయనతో కూడ వచ్చుటకు క్లౌ దొరగారును, ఆయన భార్య హారియెట్టును సిద్ధపడిరి. వారు 1864 నవంబరు 30వ తేదీన బోస్టన్ రేవున ఓడ యెక్కి, నెలల తరబడి సముద్రముమీద ప్రయాణము చేసి, 1865లో నెల్లూరు చేరిరి. 1866 సెప్టెంబరులో ఒంగోలునందు కాపురము పెట్టిరి.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురితో ఏర్పడెను. ఒంగోలుకు పడమటనున్న పల్లెలలో యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు తోళ్ల వ్యాపారము చేసికొనుచు, అంతకు పూర్వమే యోగమార్గమున దైవమును వెదకినవాడు. ఆయన 1866లో బాప్తిస్మము పొంది, భార్యయు తానును ఊరూర తిరిగి తమవారికి ఆ వార్త తెలుపుచుండిరి. క్లౌ దొరగారు 1867 జనవరి నెలలో పేరయ్య ఊరు పోయి చూడగా, 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి.

ఇచ్చట ఆయనకు మొదటి పరీక్ష యెదురయ్యెను. ఒంగోలులోని పై కులములవారు కొందరు ఆయన బోధను ఆదరముతో వినుచుండిరి. ఆయన పాఠశాలకు తమ బిడ్డలను పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని వారు స్పష్టముగా తెలిపిరి. పేరుప్రతిష్ఠలు కోరువానికి ఈ చిక్కు సులభముగనే విడును. పదిమంది పెద్దింటివారు వెంట నుండిన గౌరవము హెచ్చును, అమెరికాలోని పెద్దలును సంతసింతురు. ఏమి చేయుటకు తోచక భార్యాభర్తలు వేరువేరు గదులలో నుండి బైబిలు తెరచిరి. ఇరువురకును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడెనని ఆ చరిత్ర తెలుపుచున్నది. లోకము హీనముగ నెంచినవారినే దేవుడు ఎన్నుకొనునని ఆ భాగమునకు భావము. మరునాటినుండి మాదిగలకు వాకిలి తెరువబడెను. పై కులములవారి బిడ్డలు పాఠశాల విడిచిపోయిరి.

చేరినవారికి ఆయన ముఖ్యముగా మూడు నియమములు పెట్టెను. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న నియమములు. కాని జాతరలలో డప్పు వాయించుటయు, చచ్చిన గొడ్డును మోసికొనిపోవుటయు, పిలిచిన దినమున పనికి వచ్చుటయు మాదిగవాడకు తరతరముల వాడుకగా ఊరు విధించియున్న కాలమది. వారు కాదనినంతనే ఊరు ఆగ్రహించెను. కొన్ని చోట్ల నీరు దొరకకుండ చేసిరి. కొన్ని చోట్ల పనులు మాన్పించిరి. కొన్ని చోట్ల కొట్టిరి. ఈ పనులకు ముందు నిలిచినవారిలో ఆనాటి కరణములును మునసబులును ఉండిరి. లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడనగుటచే ఈ మాట వ్రాయుచుండగా నా చేయి ఒక క్షణము ఆగినది. అయినను జరిగినదానిని లెక్కలోనుండి కొట్టివేయుట మా వృత్తికి ధర్మము కాదు.

రెండవ పరీక్ష మొదటిదానికంటె కఠినమైనది. 1876లో, మనవారి లెక్కకు ధాత నామ సంవత్సరమున, వానలు లేకపోయెను. ఈశ్వర నామ సంవత్సరమునను కరువు తీరలేదు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది దీనినే. దక్షిణ దేశమున అరకోటికి పైగా జనులు ఆకలికిని, రోగములకును బలియైరని చరిత్రకారుల అంచనా. గింజలు కొనుటకు డబ్బు లేదు. డబ్బు సంపాదించుటకు పని లేదు. ఆ సమయమున మద్రాసు ప్రభుత్వమువారు కరువుపనిగా బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. అచ్చట మాదిగలవంటి పేదలు మేస్త్రీల చేత నానా యగచాట్లు పడుచుండిరి. క్లౌ దొరగారు ఆ కాలువలో మూడు మైళ్లకు మించిన భాగమును తానే గుత్తకు తీసికొనెను. పడుచునాడు నేర్చిన కొలతల విద్య ఇప్పుడక్కరకు వచ్చెను. తన బోధకులను పనిమీద మేస్త్రీలుగా నియమించెను. పురుషులు పలుగు పారలతో త్రవ్వగా స్త్రీలు తట్టలతో మన్ను మోసిరి. మాదిగలే గాక ఇతర కులములవారును అచ్చటికి వచ్చి కూలి పొందిరి. కలరా సోకి పలువురు మరణించినను పని నిలువలేదు. సాయంకాలములందు అలసి కూర్చున్నవారికి ఆ మేస్త్రీలే యేసుక్రీస్తు చరిత్రను చెప్పుచుండిరి. ఇది గాక, ఇంగ్లండు ప్రజలు పంపిన కరువు విరాళములను పేదలకు పంచు పనియు ఆయన మీద పడెను.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఆ కరువు దినములలో వందలు వేలుగా జనులు వచ్చి తమకు బాప్తిస్మమిమ్మని క్లౌ దొరగారిని వేడిరి. ఎన్నో యేండ్లు ఎదురుచూచిన ఫలము ఇంటి వాకిట నిలిచినది. తీసికొన్నచో ఆయన పేరు అమెరికా అంతట మారుమ్రోగును. మూసివేయుదుమన్న పెద్దలకు తగిన సమాధానమగును. కాని ఆయన తీసికొనలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, అనగా 15 నెలలు, ఒక్కనికిని బాప్తిస్మమీయలేదు. అన్నము పెట్టు చేయి తనదై యున్నంతకాలము, వచ్చినవాడు దేవునికొరకు వచ్చెనో అన్నముకొరకు వచ్చెనో వానికే తెలియకపోవచ్చును. ఆకలిగొన్నవాని మ్రొక్కు పెట్టినవానికే చెందును గాని దేవునికి చెందదు. ఆ మ్రొక్కును దేవుని ఖాతాలో తాను వ్రాసినచో అది తప్పుడు లెక్క యగునని ఆయన భయపడెనని నేను గ్రహించితిని. అందుచేత అన్నపు వాకిలి అందరికిని తెరచి, సంఘపు వాకిలి మూసి యుంచెను. కొరింథీయుల పత్రికలోనే అన్నపానాదులు సైతము దైవమహిమనుద్దేశించి సాగవలెనను ఉపదేశము కలదు. ఆ మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమును నేనెచ్చటను చదువలేదు.

మన రంతిదేవుడు తన వంతు అన్నమును, కడపట నీటిని సైతము అన్యుల కిచ్చివేసెనని భాగవతము చెప్పుచున్నది. క్లౌ దొరగారు అన్నము పెట్టుటతో ఆగక, పెట్టినందులకు రాగల ఫలమును గూడ వదలుకొనెను. లెక్కలు వ్రాయువాని కంటికి ఈ రెండవది మరియు అరుదుగా తోచుచున్నది.

1878 నడుమ కాలువపని ముగిసెను. విరాళముల పంపకమును నిలిచెను. ఒంగోలులో రోగములు వ్యాపించియుండుటచే, ఆయన బోధకులను ఉత్తరముననున్న వెల్లంపల్లికి, గుండ్లకమ్మ నదీతీరమునకు రమ్మనెను. క్రైస్తవులనే తప్ప క్రొత్తవారిని తీసికొనిరావలదని ముందుగా వర్తమానము పంపెను. అయినను క్రొత్తవారు తండోపతండములుగా వచ్చిరి. ఇక పంచుటకు తన వద్ద ధనము లేదనియు, సాయమేమియు దొరకదనియు ఆయన తెలిపెను. ధనముకొరకు తాము రాలేదనియు, ఎప్పటివలె తమ చేతులతో కష్టించి బ్రతుకుదుమనియు, బాప్తిస్మము మాత్రము కావలెననియు వారు బదులు పలికిరి. అప్పుడిక కాదనుటకు ఆయనకు కారణము కనబడలేదు. ఒక్కొక్క ఊరి జనులను ఆ యూరి బోధకుడు విచారించి, పేర్లు వ్రాసికొని, ఏటి గట్టుకు నడిపించెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ఆ పని నెరవేర్చిరి.

ఆ 2,222 అను అంకెయే లోకమున ప్రసిద్ధికెక్కినది. అన్నమునకై మతము పుచ్చుకొన్నారని ఆక్షేపించినవారు ఆనాడే కలరు. వచ్చిన వేలమందిలో కృతజ్ఞత యెంత, భక్తి యెంత యని తూచుటకు మన వద్ద తూనిక లేదు. కాలువ గట్టున తమను మనుష్యులుగా చూచిన ఆదరణము వారి మనసులను కదలించి యుండును. అందు దోషమును లేదు. కాని ఆక్షేపించువారు 2,222కు ముందున్న ఆ 15 నెలల ఖాళీ పుటలనుగూడ తిరుగవేయవలెను. నా మట్టుకు నాకు ఆ ఖాళీ పుటలే ఆయన జీవితమునకు సారము.

తరువాతి కాలమున ఒంగోలు సంఘము 20,000 మందికి పైగా పెరిగి, ప్రపంచములోని బాప్తిస్టు సంఘములలోకెల్ల పెద్దదని పేరు పొందెను. ఆయన బడులు పెట్టించెను. వాటికై అమెరికాలో ఊరూర తిరిగి ధనము కూర్చెను. ఏ వాడలో అక్షరము వినబడరాదని లోకము కట్టడి చేసెనో ఆ వాడలలో పలకలు, పుస్తకములు వెలసెను. ఆయన మెత్తని మనిషి కాడు. పట్టుదలయు, ఆజ్ఞాపించు స్వభావమును గలవాడు. 1893లో భార్య హారియెట్ గతించెను. మరుసటి సంవత్సరము ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. ఆమె మాదిగల పూర్వగాథలను వారి నోటనే విని 1899లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిన విదుషీమణి. వార్ధక్యమున దేహము చెడి క్లౌ దొరగారు 1910లో స్వదేశమునకు మరలి, ఆ సంవత్సరము నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు నగరమున కాలధర్మము నొందెను.

పాఠక మహాశయులారా, మనము ఒక్క బల్ల దానమిచ్చినను దానిపై మన పేరు చెక్కించుకొందుము. పది పుస్తకములిచ్చినచో పదింటి మీదను ముద్ర వేయింతుము. అది పెద్ద తప్పని నేననను. నా పేరును ఈ సంచికలో అచ్చగుటకు నేను సంతసించుచునే యున్నాను. అయినను మేలు చేయునపుడు ఆ మేలు ఎవరి ఖాతాలో పడుచున్నదో ఒక్కసారి చూచుకొనుట మంచిది. క్రైస్తవుడు దానిని దేవుని మహిమ యనును. మన పెద్దలు ఈశ్వరార్పణమనిరి. పేరేదైనను లెక్క ఒక్కటే. చేయి పెట్టవలెను, ఫలమునకై చేయి చాపరాదు. ఆ లెక్కను ధాత కరువు నాడు ఒక పరదేశి మన నేలమీద తప్పులేకుండ వ్రాసి చూపెను.