పాఠం: ఒకరి నోటు పుస్తకం, అందరి అవసరం – గ్రేస్ హాపర్ జీవితం

మీ ఇంట్లో ఆవకాయ కొలతలు రాసుకున్న పాత నోటు పుస్తకం ఉండవచ్చు. ఒకసారి సరిగ్గా కుదిరిన కొలత రాసిపెట్టుకుంటే మళ్లీ మొదటినుంచి తంటాలు పడనక్కరలేదు. పక్కింటివారు అడిగితే ఇవ్వవచ్చు కూడా. కంప్యూటర్లకు ప్రోగ్రాంలు రాసేవారూ ఇదే పని చేస్తారు. ఒకరు రాసి, సరిచూసిన ఆదేశాల ముక్కను మరొకరు తమ ప్రోగ్రాంలో వాడుకుంటారు. ఈ అలవాటుకు ఒక పద్ధతి ఏర్పరచినవారిలో గ్రేస్ హాపర్ ముఖ్యులు. ఈ పాఠంలో మీరు ఆమె గురించి తెలుసుకుంటారు.

1. బాల్యం, చదువు

గ్రేస్ 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. ఏ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆమెకు చిన్ననాటినుంచీ ఉండేది. ఏడేళ్ల వయసులో, అలారం ఎలా మోగుతుందో చూడాలని ఇంట్లోని గడియారాలను వరుసగా విప్పేశారు. వాసర్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చదివారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు పొందారు. తాను చదివిన వాసర్ కళాశాలలోనే గణితం బోధించారు.

2. చేతిరాత పుస్తకాలు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె నౌకాదళంలో చేరాలనుకున్నారు. వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్న అభ్యంతరాలు వచ్చాయి. అయినా పట్టు విడవకుండా 1943లో చేరారు. 1944లో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్-1 యంత్రం దగ్గర నియమించారు. ఆ యంత్రం పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అది సెకనుకు మూడు కూడికలు చేసేది. దానికి ఇవ్వవలసిన ఆదేశాలను కాగితపు టేపు మీద రంధ్రాలుగా పొడిచేవారు.

అక్కడ చేసేవి యుద్ధానికి కావలసిన లెక్కలు. ఆలస్యం కాకూడదు, తప్పు దొర్లకూడదు. అందువల్ల హాపర్, ఆమె సహచరులు సరిగ్గా పనిచేసిన ఆదేశాల ముక్కలను నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకునేవారు. ఎవరికైనా ఒక కోణపు సైన్ విలువ కట్టే ముక్క కావలసివస్తే, తోటివారి పుస్తకం అడిగి తీసుకుని, చూసి రాసుకునేవారు. 1946లో ఆ యంత్రాన్ని నడిపే విధానంపై 500 పేజీలకు మించిన పుస్తకం వెలువడింది. దాని రచనలో హాపర్‌ది ప్రధాన పాత్ర.

అక్కడివారు పొరపాట్లను కూడా రాసిపెట్టేవారు. 1947లో మార్క్-2 యంత్రంలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. సిబ్బంది దానిని తీసి, రోజువారీ పుస్తకంలో అంటించి, పక్కన కారణం రాశారు. యంత్రాల్లోని లోపాన్ని పురుగు అనే అర్థంలో బగ్ అనడం అంతకు ముందే ఉంది. ఈసారి దొరికింది నిజమైన పురుగు! ఈ సంఘటనను హాపర్ తరువాత ఎన్నో సభల్లో చెప్పేవారు.

3. యంత్రానికే అప్పగించిన పని

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటరును తయారుచేస్తున్న సంస్థలో చేరారు. పుస్తకంలోని ముక్కలను వాడుకోవడంలో రెండు చిక్కులున్నట్లు ఆమె గ్రహించారు. మొదటిది, చూసి రాసేటప్పుడు అంకెలు తారుమారవుతాయి. రెండవది, ముక్క ప్రోగ్రాంలో చేరే చోటును బట్టి అందులోని స్థాన సంఖ్యలను కూడి మార్చుకోవాలి. ఆ కూడికల్లోనూ తప్పులు వస్తాయి. ఒక్క అంకె తప్పినా లెక్క మొత్తం పాడవుతుంది. మనిషి అలసిపోయే ఈ రెండు పనులనూ యంత్రం అలసట లేకుండా చేస్తుంది కదా! మరి వాటిని యంత్రానికే ఎందుకు అప్పగించకూడదు?

1952లో ఆమె ఏ-0 అనే ప్రోగ్రాం తయారుచేశారు. ముక్కలన్నింటికీ సంఖ్యలిచ్చి అయస్కాంత టేపు మీద ఉంచారు. ప్రోగ్రాం రాసేవారు కావలసిన సంఖ్యలను వరుసగా ఇస్తే చాలు. యంత్రమే వాటిని వెతికి, స్థాన సంఖ్యలు సవరించి, ఒకటిగా కూర్చేది. దీనికి ఆమె కంపైలర్ అని పేరు పెట్టారు. యంత్రం లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాం తయారుచేయలేదని మొదట చాలామంది అనుకున్నారు.

1953లో ఏ-2 వచ్చింది. దాని ఆదేశాలన్నింటినీ కొనుగోలుదారులకు ఇచ్చి, వారు చేసిన మెరుగుదలలను తిరిగి పంపమని కోరారు. ఆనాడు గదిలోని నలుగురి మధ్య తిరిగిన నోటు పుస్తకం ఇలా ఊళ్లు దాటింది.

4. అందరికీ అర్థమయ్యే భాష

అంకెలకు బదులు మామూలు ఇంగ్లీషు మాటలతో ఆదేశాలివ్వవచ్చునని హాపర్ వాదించారు. అలా ఫ్లో-మాటిక్ వచ్చింది. 1959లో ప్రభుత్వ శాఖలు, కంప్యూటర్ సంస్థలు కలిసి వ్యాపార లెక్కలకు ఉమ్మడి భాషను రూపొందించ పూనుకున్నాయి. అదే కోబాల్. దానిని తయారుచేసింది ఒక సంఘం, హాపర్ సలహాదారు. ఆమె ఫ్లో-మాటిక్ దానికి ముఖ్య ఆధారం. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాం రెండు వేర్వేరు సంస్థల యంత్రాల మీద నడిచింది.

కోబాల్ మన దేశానికీ వచ్చింది. చాలా పాత ప్రోగ్రాంలలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారు. అందువల్ల 2000 సంవత్సరం వచ్చేలోగా వాటిని సరిచేయవలసివచ్చింది. 1990 దశకం చివరలో హైదరాబాదులో ఎందరో యువతీయువకులు కోబాల్ నేర్చుకుని ఈ పనిలో చేరారు.

5. చివరి రోజులు

హాపర్ 1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో నౌకాదళం నుంచి విరమించారు. ఉపన్యాసాల్లో ఆమె సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో కాంతి వెళ్లగల గరిష్ఠ దూరం అంతే. 1992 జనవరి 1న ఆమె మరణించారు.

మీరు గమనించవలసినది: తెలిసినది దాచుకుంటే ఒకరికే ఉపయోగం. సరిచూసి, పేరుపెట్టి, ఇతరులకు అర్థమయ్యేలా రాసి ఇస్తే ఎందరికో శ్రమ తప్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నోటు పుస్తకం చూసి రాసుకోవడంలో హాపర్ గుర్తించిన రెండు చిక్కులేవి?
2. ఏ-0 ఆ చిక్కులను ఎలా తొలగించింది?
3. మీ వృత్తిలో మీకు తెలిసిన ఒక పనిని, కొత్తవారు చదివి చేయగలిగేలా ఐదు వాక్యాల్లో రాయండి. దానిని మరొకరికి ఇచ్చి, వారికి ఎక్కడ అర్థం కాలేదో అడిగి సరిదిద్దండి.