శ్రామికుల వైద్యుడు – రామజ్జీనీ

వైద్యశాస్త్ర దృష్టిని శ్రామికులు పనిచేసే చోటుకు మళ్లించిన మహనీయుడు బెర్నార్డినో రామజ్జీనీ. ఆయన 1633 అక్టోబరు 4న ఇటలీలోని కార్పీ పట్టణంలో జన్మించాడు. పార్మాలో వైద్యవిద్య నభ్యసించి 1659లో పట్టా పొందాడు. 1682లో మోడెనా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

మోడెనాలో ఒకనాడు ఆయన ఇంటి మరుగుదొడ్డి గుంటను శుభ్రపరచడానికి ఒక కూలివాడు వచ్చాడు. అతడు క్షణమైనా విశ్రమించక ఆత్రంగా పనిచేయడం చూసి రామజ్జీనీ కారణమడిగాడు. ఆ గుంటలో ఎక్కువసేపు ఉంటే చూపు పోతుందని అతడు బదులిచ్చాడు. రామజ్జీనీ పరీక్షించగా అతని కన్నులు ఎర్రబారి, చూపు మందగించి ఉన్నాయి. పని ముగిశాక చీకటిగదిలో ఉండి, గోరువెచ్చని నీటితో కళ్లు కడుక్కోవడమే అతడెరిగిన చికిత్స. అదే పనిచేసి అంధులై బిచ్చమెత్తుకొంటున్నవారు ఆ నగరంలో మరికొందరు కనిపించారు. ఊరిని శుభ్రపరచిన వారికి దక్కిన ప్రతిఫలమది!

ఈ సంఘటన రామజ్జీనీని కదిలించింది. ఆయన స్వయంగా పనిశాలలకు వెళ్లి శ్రామికులను పరిశీలించాడు. మట్టిపాత్రలకు మెరుపునిచ్చే సీసం కుమ్మరుల చేతులను వణికించి, క్రమంగా పక్షవాతానికి దారితీయడం గమనించాడు. బంగారు పూత వేసేవారిని పాదరసపు ఆవిరి, రాళ్లు చెక్కేవారిని రాతిధూళి, రొట్టెలు చేసేవారిని పిండిధూళి పీడిస్తున్నాయని గ్రహించాడు. ఎడతెగక కూర్చుని వ్రాసే లేఖకుల బాధలను సైతం విస్మరించలేదు.

1700లో ఆయన శ్రామికుల వ్యాధులపై లాటిన్ భాషలో గ్రంథాన్ని ప్రకటించాడు. అందులో 40కి పైగా వృత్తుల వివరాలున్నాయి. ధూళి, విషవాయువులు సోకకుండా ముఖాన్ని కప్పుకోవాలనీ, కూర్చుని పనిచేసేవారు వ్యాయామం చేయాలనీ సూచించాడు. హిప్పోక్రటీసు కాలం నుండి వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలకు, వృత్తి ఏమిటన్న మరొక ప్రశ్నను చేర్చాడు. ఈ చిన్న ప్రశ్నే వృత్తిసంబంధ వైద్యానికి పునాది అయింది.

ఆ సంవత్సరమే ఆయన పాదువా విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్లాడు. వార్ధక్యంలో చూపు మందగించినా కృషి మానలేదు. 1713లో మరికొన్ని వృత్తులను చేర్చి గ్రంథాన్ని విస్తరించాడు. 1714 నవంబరు 5న, 81 ఏళ్ల వయసులో పాదువాలో కన్నుమూశాడు.

రక్షణ సాధనాలు లేకుండా మురుగుకాలువలలో మనుషులచేత పనిచేయించడాన్ని మన దేశంలో 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా విషవాయువులు సోకి కార్మికులు మరణించడం ఆగలేదు. మోడెనా కూలివాని కన్నులలో రామజ్జీనీ చూసిన సత్యాన్ని సమాజం ఇంకా పూర్తిగా గ్రహించవలసే ఉంది.